ఇంజను విప్పకముందే పొగ చూడండి

సార్వా వరి పొట్ట దశకొచ్చింది. మీ చెక్క పిఠాపురం వైపు ఏలేరు ఆయకట్టు శివారున ఉంది. కాలువలో నీరు అడుగంటింది. ఆయిలింజను పెట్టి తోడితే తప్ప చేను తడవదు. సరిగ్గా అప్పుడే ఇంజను దడదడమని ఊగిపోతుంది, ఆగి ఆగి కొడుతుంది, పొగ కక్కుతుంది. మేస్త్రీకి కబురెళ్తుంది. ఆయన వచ్చి ‘హెడ్డు దింపాలండి, రింగులు మార్చాలండి’ అంటాడు. మీరు అప్పు కోసం బయల్దేరతారు. సామాన్లు వచ్చేసరికి మూడు రోజులు. పొట్ట, పూత దశల్లో వరికి నీటి ఎద్దడి తగిలితే తాలు గింజలే మిగులుతాయి. నష్టం ఇంజనుతో ఆగదు.

అందుకే రైతు సోదరులకు ఒకటే మాట. జబ్బేమిటో తేలకుండా ఇంజను విప్పనివ్వకండి. తేల్చే పనిలో సగం మీరే చెయ్యగలరు.

‘మాకేం తెలుసండీ, అదంతా మేస్త్రీ పని’ అంటారేమో. ఎద్దు నెమరు వెయ్యకపోతే మీకు చెప్పేవారెవరు? పేడ చూసి, చెవి పట్టుకు చూసి మీరే కనిపెట్టట్లేదూ? ఇంజనూ అంతే. డీజిల్ ఇంజనుకి నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాగుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొడితే మండుతుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజనుకీ మీ గట్టు మీది ఇంజనుకీ మూలసూత్రం ఇదే. అంటే కావలసినవి మూడే: వేళకు అందే శుభ్రమైన డీజిల్, సరిపడా గాలి, లీకు లేని కంప్రెషను. జబ్బు చాలావరకు ఈ మూడింట్లోనే ఉంటుంది.

మొదట సైలెన్సరు పొగ చూడండి. నల్లపొగ అంటే డీజిల్‌కి తగ్గ గాలి అందడం లేదు, లేదా ఇంజను మీద బరువు ఎక్కువైంది, లేదా నాజిల్ చెడింది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు మండుతోంది. ఆయిలు గీత దాటి పోశారేమో చూసుకోండి. అది కాకపోతేనే రింగుల మీద అనుమానపడాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదు. డీజిల్‌లో నీరు కలవడం, కంప్రెషను తగ్గడం, రెండింట్లో ఏదైనా కావచ్చు.

తర్వాత ఖర్చు లేని పనులు ముందు, ఖర్చున్నవి వెనక. ట్యాంకు అడుగు నుంచి కాస్త డీజిల్ గాజుసీసాలో పట్టి కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున తేరుతుంది. ట్యాంకు మూతకున్న సన్న రంధ్రం మట్టితో మూసుకుపోతే ఇంజను కాసేపు నడిచి చచ్చిపోతుంది. ఒక పుల్లతో తీరే జబ్బది. డీజిల్ ఫిల్టరు పూడిందేమో చూడండి. లైనులో గాలి చేరితే ఇంజను తడబడుతుంది. గాలి వదిలే స్క్రూ సడలించి, బుడగలు ఆగేదాకా డీజిల్ పోనిచ్చి బిగించండి. ఆయిలు పోసే రకం గాలి ఫిల్టరైతే బురద తీసేసి, జాలీ కడిగి ఆరనిచ్చి, గీత వరకు కొత్త ఆయిలు పొయ్యండి.

ఇక బెల్టుతో నడిచే పంపైతే, ఇంజను ఆపి బెల్టు తీసి, ఒట్టిగా నడిపి చూడండి. ఒట్టిగా నున్నగా నడిచి, పంపు తగిలించగానే నల్లపొగ వస్తుంటే పంపు కూడా చూసుకోవాలి. బిగుసుకున్న బేరింగో, చెత్త ఇరుక్కున్న ఫ్యానో ఇంజను మీద నేరం మోపుతూ ఉండొచ్చు.

చివరిది కంప్రెషను. ఇంజను ఆపి, డీజిల్ కట్టేసి, హ్యాండిలు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట గట్టిగా ఎదురు తంతే మంచిదే. వదులుగా తిరిగిపోతే, రింగుల కంటే ముందు ట్యాపెట్ సందు చూడమని మేస్త్రీని అడగండి. నాజిల్‌ని షాపులో స్టాండు మీద పెట్టి పరీక్షించమనండి. ఆ తుంపర దగ్గర చెయ్యి పెట్టకండి, చర్మంలోకి దూసుకుపోతుంది. ఇవన్నీ అయ్యాకే హెడ్డు దింపే మాట. లేకపోతే ఎలుక కోసం కొండ తవ్వినట్టే.

వరద నీట మునిగిన ఇంజను సంగతి వేరు. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు చేలు మునిగాయి. అలా మునిగిన ఇంజనుకి వెంటనే హ్యాండిలు వెయ్యకండి. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆయిలు, డీజిల్ వంపేసి, లోపలి నీరు తీయించాకే తిప్పాలి.

మేస్త్రీలను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. రైతు ‘ఆగిపోయిందండీ’ అని మాత్రమే చెబితే ఆయన ఊహ మీద పని చెయ్యాల్సి వస్తుంది. ఎప్పటినుంచి, ఏ రంగు పొగ, ఒట్టిగానా బరువు మీదా, కొత్త డీజిల్ పోశాకా? ఇవి చెప్పండి. ఒకేసారి నాలుగు సామాన్లు మార్చనివ్వకండి. అలా మారిస్తే ఏది జబ్బో ఎప్పటికీ తేలదు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, తేదీ రాసుకోండి. పాత ట్రాక్టరుకైనా, డీజిల్ అంబాసిడరుకైనా ఇదే వరుస.

ఊళ్లలో రైతు సేవా కేంద్రాలున్నాయి. విత్తనాలూ ఎరువుల మాటతో పాటు, సార్వాకి ముందు ఒక రోజు ఇంజను బాగోగులు నేర్పమని మీరంతా కలిసి అడగండి. ఇంజను కొనుక్కున్న రైతుకి దాని నాడి పట్టడం కూడా తెలిసుండాలి. ఈసారి ఇంజను మొరాయిస్తే స్పానరు తీసేముందు గాజుసీసా తీయండి.