ఇంటు గుర్తు దగ్గర సంతకం

వానాకాలం గిరాకీ మీదున్నప్పుడు మా ఎరువుల దుకాణంలో ఊపిరి సలపదు. అలాంటి ఒక మధ్యాహ్నం కాలేజీ అటెండరు బండికి స్టాండు వేసి, చంకలోంచి పొడవాటి రిజిస్టరు తీసి గల్లాపెట్టె మీద పరిచాడు. "సేటూ, ఇగో, ఈడొక సంతకం. సారు జల్ది తెమ్మన్నడు." నా పేరు ఎదురుగా పెన్సిల్‌తో చిన్న ఇంటు గుర్తు. పైన ఉన్న తేదీ పదహారు రోజుల కిందటిది. సభ్యులందరూ హాజరై, కూలంకషంగా చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించినట్టు ముత్యాల్లాంటి రాత. ఆ రోజు నేను కర్నూలులో మా మరదలి కూతురి పెళ్లిలో వడ్డిస్తున్నాను.

సంతకం పెట్టాను. ఎదురుగా నలుగురు రైతులు డీఏపీ కోసం నిలబడి ఉన్నారు, అటెండరు తొందర అటెండరుది. అట్లా రెండేళ్లలో మూడుసార్లు పెట్టాను. తప్పు నాదీ ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఏ కాలేజీయో చెప్పను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఉన్నదే. దుకాణం ఏ ఊళ్లోనో కూడా చెప్పను, చెబితే కాలేజీ పేరు చెప్పినట్టే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు కళాశాల ప్రణాళిక, అభివృద్ధి మండలి అని ఒకటి ఉంటుంది. సీపీడీసీ అంటారు. ప్రిన్సిపాలు, కొందరు లెక్చరర్లు, దాతలు, పూర్వ విద్యార్థులు, ఊళ్లో నలుగురికి తెలిసినవాళ్లు అందులో సభ్యులు. నన్ను పూర్వ విద్యార్థి కోటాలో వేశారు. ఎవరు ఎన్నుకున్నారంటే, ఎవరూ లేదు. ఫోన్ వచ్చింది, సరే అన్నాను.

నిజంగా కూర్చున్న మీటింగు ఒక్కటే. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందని గోడలకు సున్నాలు, మెట్ల పక్కన పూలకుండీలు. మమ్మల్ని పిలిచింది చందాల కోసమని సమోసాలు వచ్చాక అర్థమైంది. ఇచ్చాను, దానికేమీ బాధ లేదు. అడగాల్సింది ఒకటుండి అడిగాను: ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు రావట్లేదట కదా? మోటారు కాలిపోయిందన్నారు. ఎన్నాళ్లయింది? ఎవరూ తలెత్తలేదు. మోటార్ల సంగతి నాకు తెలుసు. మా వీధిలోనే వైండింగ్ షాపు ఉంది, పొద్దున ఇస్తే సాయంత్రానికి తిప్పి ఇస్తాడు. కానీ ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో తేలక కాగితం పైకి వెళ్లింది. పైకి అంటే హైదరాబాద్, నాంపల్లి విద్యాభవన్. మోటారు మా ఊళ్లో, నిర్ణయం రాజధానిలో. పిల్లలు మాత్రం పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా క్లాసుల్లో కూర్చున్నారు. ఈ ముక్క మీటింగులో ఎవరూ చెప్పలేదు, మా ఇంటి పక్కమ్మాయి చెప్పింది.

ఇంకొకటి నాకు దుకాణంలోనే తెలిసింది. సీడ్ పత్తి గురించి గద్వాల దిక్కువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆగస్టు దాటిందంటే క్రాసింగ్ మొదలు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా మర్నాడు విచ్చుకునే మొగ్గల్ని ఒక్కొక్కటే వలిచి కేసరాలు తీసేయాలి, తెల్లారి మగపూలు తెచ్చి రుద్దాలి. అటు పొద్దుటి క్లాసూ పోతుంది, ఇటు మధ్యాహ్నం క్లాసూ పోతుంది. చిన్న వేళ్లకు చేతనయ్యే పని కాబట్టి ఆడపిల్లలే ఎక్కువ. ఆ రోజుల్లోనే ఇంటర్నల్ పరీక్షలు పెట్టి, హాజరు లేదని పేర్లు బోర్డుకు ఎక్కిస్తే ఎట్లా? పిల్లలు చేన్లో పని చేయడం మంచిదని నేననను. అయితే ఒక డిగ్రీ అమ్మాయి చేన్లో ఎందుకుందో తెలిసినవాళ్లు కాలేజీ క్యాలెండర్ దగ్గర కూర్చుంటే పరీక్ష ఒక పక్షం వెనక్కి జరుగుతుంది, ఆ పిల్ల చదువు ఆగదు. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లా ప్రాంతంలో చదువు వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. ఇక్కడ ఒక అమ్మాయి డిగ్రీ దాకా వచ్చిందంటే ఎన్ని కడపలు దాటి వచ్చిందో చూడాలి.

అట్లా ఊరివాళ్లే కూర్చునే కాలేజీలూ ఉన్నాయి. మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో అకౌంట్స్ చదివాడు. రెండేళ్ల చదువులు, చేతిపనుల కోర్సులు చెప్పే కాలేజీలవి. ఆ రాష్ట్రంలో అలాంటివి 116, వాటిని నడిపే జిల్లాలు 73. మన కలెక్టర్ జిల్లాలు కావు, కాలేజీల కోసమే గీసుకున్న జిల్లాలు. ఒక్కో జిల్లాకు ఒక బోర్డు. సర్పంచికి వేసినట్టు జనం ఓటేసి ఎన్నుకుంటారు. కాలేజీ పెద్దను నియమించడం, బడ్జెట్ ఒప్పుకోవడం, ఏ కోర్సు పెట్టాలి ఏది ఎత్తేయాలి, ఏ భవనం కట్టాలి, అన్నీ వాళ్ల పనే. పిల్లల తరఫున ఒక విద్యార్థి సభ్యుడు పక్కనే కూర్చుంటాడు. నాకు నచ్చింది మాత్రం వేరు. 1953 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. మామూలు మీటింగుకు 72 గంటల ముందు ఏమేం మాట్లాడబోతున్నారో అందరికీ కనబడేలా అతికించాలి. తలుపు తీసి ఉంచాలి. దారిన పోయేవాడు లోపలికొచ్చి అడిగినా వినాలి. పెన్సిల్ ఇంటు గుర్తుకు అక్కడ చోటు లేదు.

అక్కడంతా స్వర్గమేమీ కాదు. చాలా మీటింగులకు కుర్చీలే శ్రోతలట, ఆ పదవిని మెట్టుగా వాడుకుని పైపదవులకు పోయేవాళ్లూ ఉన్నారట. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ గుర్తింపు ఊడేదాకా వస్తే 2013లో ఎన్నికైన బోర్డును పక్కకు కూర్చోబెట్టి ఒక ప్రత్యేక అధికారి చేతిలో పెట్టారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక మన ఊళ్లను స్పెషల్ ఆఫీసర్లకు అప్పగించినట్టే. తర్వాత ఆ కాలేజీ బోర్డుకు అధికారాలు మళ్లీ వచ్చాయి. మన కాలేజీల్లో అప్పగించడానికైనా ముందు ఏదో ఒక అధికారం ఉండాలి కదా.

పైన యూనివర్సిటీ సంగతి కూడా చూశాం. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు చదువు ఇంటి గడపలోకి వచ్చిందని సంబరపడ్డాం. 2024 మేలో వీసీ గడువు ముగిస్తే అక్టోబరు దాకా ఇంచార్జి ఐఏఎస్ అధికారే దిక్కు. ఆ నెలల్లో ఈ మూడు జిల్లాల తల్లిదండ్రుల్లో ఒక్కరినైనా ఎవరైనా ఏదైనా అడిగారా?

గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తిలో రాజావారి భవనంలోనే పాలిటెక్నిక్ నడిచింది. సంస్థానాల రోజుల్లో దొరవారు ఏమంటే అది. అడగడానికి వీల్లేదు గనక అడగలేదు. ఇప్పుడు కోటలు మనవైనా అలవాటు పోలేదు.

బడి సంగతి చూడండి. విద్యాహక్కు చట్టం వచ్చినప్పుడే ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని రాసేశారు. అమలు ఎట్లా ఉన్నా రాతలో హక్కు ఉంది. అదే పిల్ల ఇంటర్ దాటి డిగ్రీలో చేరగానే తల్లి హక్కు ఎటు పోయింది? ఎనిమిదో తరగతి దాకా పనికొచ్చిన అమ్మ డిగ్రీకి పనికిరాదా?

కాలేజీ కమిటీకి ఎన్నికలు పెడితే రాజకీయాలు జొరబడతాయని ఒక లెక్చరర్ మిత్రుడు భయపెట్టాడు. ఇప్పుడు లేవా, అన్నాను. చాటున ఉన్నాయి, అంతే. ఫలానా ఆయన మనిషి అని చెప్పి కమిటీలో పేరు రాయించుకున్నవాళ్లను ఈ కళ్లతో చూశాను. మా దుకాణంలో తూకం రైతు ఎదుటే వేస్తాం. లోపలి గదిలో వేసి తెస్తే నేనెంత నిజాయితీపరుడినైనా ఎవరు నమ్ముతారు?

ఇదంతా రేపే అయ్యేది కాదని తెలుసు. చట్టం మారాలి, జీవో రావాలి, నాంపల్లి కదలాలి. ఒక్క పనికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు కాలేజీ గేటు మీద ఏమున్నాయో నిన్న పోయి చూసొచ్చాను: ఫీజు ఆఖరు తేదీ, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు రెండు, తప్పిపోయిన ఆవు ఫొటో ఒకటి.

ప్రిన్సిపాల్ గారూ, వచ్చే మీటింగు తేదీ, అందులో మాట్లాడే అంశాలు ఒక కాగితం మీద రాసి మూడు రోజుల ముందు ఆ ఆవు పక్కన అతికించండి. తల్లులను పిలవండి, ఆడపిల్లల తరఫున ఒక్కరికైనా కుర్చీ వేయండి. రిజిస్టరు నా దుకాణానికి పంపొద్దు, నేనే వస్తాను. కాగితం అతికించడానికి మైదా కూడా నేనే తెస్తాను.