చదివినవాళ్ల లెక్కలో మన పేర్లెక్కడ?

ఇద్దరు ముగ్గురం కలిస్తే "ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడుక్కోవడం మన సంఘాల్లో మొదటినుంచీ ఉన్న అలవాటు. నేను "నీలిమేఘాలు" మళ్లీ చదువుతున్నాను. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ఈ స్త్రీవాద కవితల సంకలనాన్ని నేను మొదటిసారి చదివింది బడికి పోయే రోజుల్లో, మా అన్న గ్రంథాలయం కార్డు మీద. రిజిస్టరు ప్రకారం ఆ పుస్తకం చదివింది మా అన్న. ఆయన అట్ట కూడా తిప్పలేదు.

ఇది చిన్న విషయమనే చాలాకాలం అనుకున్నాను. పరిశోధన పని మీద జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో తిరుగుతున్నప్పుడు ఒక గ్రంథాలయంలో (ఏ ఊరో ఇక్కడ అనవసరం) పుస్తకాలిచ్చే రిజిస్టరు చూశాను. ఆడపేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది. "ఆడవాళ్లు చదవరు మేడం, వాళ్ల కోసం పుస్తకాలెందుకు తెప్పిస్తాం?" అన్నాడు అక్కడి ఉద్యోగి. ఆ వీధిలోనే ఒకింట్లో భర్త పేరు మీద వచ్చిన నవలలను భార్యా, ఆడబిడ్డా వంతులేసుకుని చదవడం అంతకు ముందురోజే చూసి వచ్చాను. ఆ చదువు రిజిస్టరుకెక్కదు. రిజిస్టరుకెక్కని చదువరి కోసం పుస్తకం కొనరు. అయినా 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మాత్రం ఆ ఇంటినుంచీ వసూలవుతూనే ఉంటుంది.

చదవడం అంటే ఒంటరిగా కూర్చుని కళ్లతో చేసే పని అని అనుకోవడంలో కూడా తిరకాసు ఉంది. కోరుట్లలో ఒక అరుగు మీద ఐదారుగురు బీడీలు చేస్తుంటే నేను కవిత్వం చదివాను. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, రెండు చేతులకూ పని. చెవులు మాత్రం ఖాళీ. 1865లో హవానా చుట్టల కార్ఖానాల కార్మికులు కనిపెట్టిందీ ఇదే. తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని, పని జరుగుతుండగా పత్రికలూ పుస్తకాలూ చదివి వినిపించే మనిషిని పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే స్పానిష్ వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అరుగు మీది వినికిడిని ఎవరూ నిషేధించనక్కర్లేదు, అసలది చదువు కిందకే రాదు కదా!

మొదట అలిశెట్టి ప్రభాకర్‌ను చదివాను. జగిత్యాలలో ఫోటో స్టూడియో నడిపి, 1993 జనవరిలో క్షయతో పోయిన కవి. చిన్న చిన్న కవితలు. చాటలో ఒక కట్ట పూర్తయ్యేలోగా రెండుసార్లు వినొచ్చు. వేశ్య మీద ఆయన రాసింది విని కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె, "మంచిగ రాసిండు. గని అక్కా, ఆమె పేరేందని అడిగిండా?" అంది. నా డాక్టరేట్‌లో నాకు తట్టని ప్రశ్న.

తర్వాత విమల "వంటిల్లు". వంటిళ్లను కూల్చేద్దామనే ఆ పిలుపు మా తరాన్ని కదిలించింది. ఇక్కడ నవ్వారు. "మాకున్నది ఒక్కటే అర్ర. గండ్లనే వండుడు, గండ్లనే పండుడు, వానొస్తె గండ్లనే బీడీలు చేసుడు. గది గూలగొడితె ఏడుండాలె?" నేను ఆ కవితను తక్కువ చేయడం లేదు. ఎవరి వంటింట్లో కూర్చుని చదువుతున్నామో కూడా చూసుకోవాలి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల రచనల సంకలనం "నల్లపొద్దు"ను, షాజహానా "నఖాబ్"ను మన పఠన బృందాల్లో ముందుకు తేవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పుస్తకాల జాడ ఎలా ఉంచుకోవాలో నాకు నేర్పింది కూడా ఆ అరుగే. ఇచ్చిన ఆకెంత, తంబాకెంత, అప్పజెప్పిన బీడీలెన్ని, నాసిరకమని తీసేసినవెన్ని అన్నీ బీడీల బుక్కులో ఉంటాయి. టేకేదారు మోసం చేయకుండా ఉండడానికే అంకెలు నేర్చుకున్నానని ఒక పెద్దామె చెప్పింది. 2015లో బీడీ కార్మికుల పింఛను వచ్చినప్పుడు పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకే ఇచ్చారు. ఏళ్ల తరబడి బీడీలు చేసినా పేరు లేనివాళ్లు బయటే మిగిలారు. కాగితం మీద పేరుకు ఉన్న విలువ వాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే "పుస్తకాలకూ ఒక బుక్కు పెడదామా?" అంటే వెంటనే ఒప్పుకున్నారు. పుస్తకం పేరు, ఎవరు తెచ్చారు, ఎవరు చదివారు, ఎవరెవరు విన్నారు, ఇప్పుడు ఎవరింట్లో ఉంది. "విన్నారు" అన్న గడి అన్నిటికన్నా త్వరగా నిండుతోంది.

ఒక్క భయం మాత్రం నాకుండేది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాతి రోజుల్లో మా పెద్దమ్మ ప్రతి పుస్తకంలోనూ పేరు రాసుకున్న మొదటి పేజీ చింపేసేదట. ఇవాళ కూడా ఏం చదువుతోందో తెలిస్తే చదువే మాన్పించే ఇళ్లున్నాయి. కాబట్టి ఆ నోటుబుక్కు ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది, పేరు బదులు బొట్టో గీతో పెట్టుకున్నా సరే. గ్రంథాలయానికి మొత్తం అంకెలు మాత్రమే ఇస్తాం. ఇంతమంది చదివారు, ఇంతమంది విన్నారు, ఫలానా పుస్తకాలు కొనండి అని. మొదటి అర్జీ పెట్టాం. జవాబు రావాల్సి ఉంది.

సిరిసిల్లలో ఇంకా కుదరలేదు. మరమగ్గాల చప్పుడులో గొంతు వినపడదు. మగ్గాలు ఆగినప్పుడు కూర్చుందామంటే, ఆరోజు కూలి లేదన్న దిగులుతో ఎవరికీ వినాలనిపించదు. దారి వెతకాలి.

కోరుట్లలో "నఖాబ్" మూడిళ్లు తిరిగి నాలుగో ఇంట్లో ఆగింది. నెలయింది. ఎందుకాగిందో నోటుబుక్కులో రాయలేదు. వచ్చే ఆదివారం వెళ్లి అడగాలి.