గేటు దగ్గర నిలబడి ఆడే ఆట మాకొద్దు

  

 పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతోని చివరిదాకా చదవండి. తప్పుంటే కామెంట్లల్ల కొట్లాడండి.

మేము రేగొండ, గణపురం చుట్టుపక్కల తండాలు, గూడేల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్లలం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోళ్లం మేమే. నాలుగు రోజుల కింద మాకో మెసేజ్ వచ్చింది. హైదరాబాద్‌లో సమ్మర్ ఫెస్టివల్ ఉందట. "ట్రైబల్ డాన్స్‌కు ఇరవై మంది కావాలె. డ్రెస్సులు మేమే ఇస్తం. రానుపోను ఖర్చు, భోజనం మాదే" అని. పోదామా వద్దా అని రెండు రాత్రులు మాట్లాడుకున్నం. ఇట్లయితే పోవద్దని తీర్మానం చేసుకున్నం. ఎందుకో చెప్తం.

పోయిన ఎండాకాలం ఇట్లనే పిలిస్తే మాలో పదకొండు మందిమి పోయినం. పొద్దున పదింటికి రమ్మని సాయంత్రం దాకా పార్కింగ్ షెడ్డు కింద కూర్చోబెట్టిన్రు. అట్టపెట్టెలో నుంచి ప్లాస్టిక్ కొమ్ములు తీసి ఎవరికి పడితే వాళ్లకు కట్టిన్రు. మాలో ఏడుగురు లంబాడీ పిల్లలు. కోయోళ్ల కొమ్ములు మాకెట్ల కడ్తరని అడిగితే, "ఎవరికి తెలుస్తది, అందరూ ట్రైబల్సే కదా" అన్నడు అక్కడి మేనేజర్. స్టేజీ ఎక్కనియ్యలే. గేటు దగ్గర రెండు వరుసలు నిలబెట్టిన్రు. కారు వస్తే ఆడాలె, కారు పోంగనే ఆపాలె. రెండు గంటలు అదే పని. సెల్ఫీ అడిగినోళ్లు చానామంది. మీ పేరేంది, మీది ఏ ఊరు అని అడిగినోళ్లు ఒక్కరు లేరు.

రాత్రి బస్సులో మా కోయ తమ్ముడు ఒకడు అన్నడు: "మా తాత కొమ్ములు ఇంట్ల దూలానికి ఉంటయి. మొక్కకుండా దించరు. ఇయ్యాల నేను ప్లాస్టిక్ కొమ్ములు పెట్టుకొని కార్లకు ఆడిన." ఆ మాటకు మా దగ్గర జవాబు లేకుండె.

ఇది ఒక్క మేనేజర్ తప్పే అయితే ఇంత పోస్టు అవసరం లేదు. పెద్ద పెద్ద వేడుకల్లో కూడా మన జాగా అదే. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు మన రాష్ట్రంలో జరిగినయి. మే 14న ఆ పోటీదారులు మన పక్కనున్న పాలంపేట రామప్ప గుడికి వచ్చిన్రు. అక్కడ స్థానిక ఆడోళ్లు వాళ్ల కాళ్లు కడిగిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అతిథి మర్యాద అని కొందరన్నరు, అవమానం అని కొందరన్నరు. మేం అడిగేది ఒక్కటే. అతిథి కుర్చీ ఎప్పుడూ వాళ్లకే, స్వాగతం చెప్పే వరుస ఎప్పుడూ మన పల్లెటోళ్లకే ఎందుకు?

ఇంకో సంగతి. మన ఆటలకు కాలం ఉంటది. గోండుల గుస్సాడీ దీపావళి ముందు దండారీలో ఆడేది. నెమలి ఈకల కిరీటం తలకెత్తుకున్నోడు దీక్షలో ఉన్నట్టే లెక్క. మా లంబాడీల తీజ్ శ్రావణంలో వస్తది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. ఆ పాటలన్నీ ఆ మొలకల కోసమే. మొలకలే లేకుంటే ఎవరి కోసం పాడాలె? అన్నీ మే నెలల ఒక్క స్టేజీ మీద, తలా మూడు నిమిషాలు ఆడిపిచ్చి, "ఇప్పుడు ట్రైబల్ డాన్స్" అని ఒక్క పేరు పెట్టి పంపిస్తరు. ఇండ్ల తమాషా ఏందంటే, ఎండాకాలం చివర కోయోళ్లకు నిజంగనే భూమి పండుగ ఉంటది, విత్తనాలకు మొక్కే పండుగ. సరిగ్గా ఆ రోజుల్లనే మన పిల్లలను పట్నం రమ్మంటరు.

మన అన్నలు కొందరు అంటరు: "అరే, స్టేజీ దొరుకుడే ఎక్కువ. నాలుగు పైసలు వస్తయి, కళ బతుకుతది." పైసల మాట నిజమే. పోయినేడు వచ్చిన పైసలతో మాలో ఒకడు పరీక్ష ఫీజు కట్టుకున్నడు. పోయినోళ్లను మేం తప్పు పట్టం. కానీ కళ బతికిందా? మార్లవాయి కనకరాజు తాత ఇందిరాగాంధీ కాలంలనే ఢిల్లీ పోయి గుస్సాడీ ఆడి వచ్చిండు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన ఆట తను ఆడిండు, తన వేషం తను కట్టిండు, ఊర్ల పోరగాళ్లకు నేర్పిండు. అంటే పట్నం పోవుడు తప్పు కాదు. ఎట్ల పోతున్నమన్నదే లెక్క.

అందుకే పిలిచేటోళ్లకు మా షరతులు ఇవి:

1. మా ఆటకు మా పేరు చెప్పాలె. కొమ్ము కోయ అంటే కొమ్ము కోయ, తీజ్ అంటే తీజ్. ఆడినోళ్ల పేర్లు, ఊర్ల పేర్లు మైకులో చదవాలె.

2. ఎవరి ఆట వాళ్లే ఆడాలె, ఎవరి వేషం వాళ్లే కట్టాలె. లంబాడీలకు, ఆదివాసీలకు మధ్య పంచాయితీ ఉన్న సంగతి అందరికీ ఎరుకే. ఆ పంచాయితీ ఎట్లున్నా, ఒకరి కొమ్ములు ఇంకొకరికి కట్టుడు మాత్రం ఇద్దరికీ అవమానమే.

3. సినిమా పాట పాడినోళ్లకు ముందే అడ్వాన్స్ ఇస్తరు కదా. మాకూ కాగితం మీద రాసియ్యాలె. భోజనం పెట్టుడు కూలి కాదు.

4. గేటు దగ్గర ఆడం. స్టేజీ మీద ఆడుతం. ఆట గురించి మా భాషల, మా నోటితోనే చెప్తం.

బంజారాహిల్స్ అన్న పేరే బంజారాల నుంచి వచ్చింది. అక్కడనే 2022 సెప్టెంబర్ 17న కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ తెరిచిన్రు. మన పండుగ పట్నపోళ్లు చూడాలంటే ఆ భవనాల్లో మనమే జరుపుదాం, వాళ్లను మనమే పిలుద్దాం. మేడారంల జరిగేది అదే కదా. జాతర తారీఖు కోయ పూజార్లు చెప్తరు, హైదరాబాద్ మొత్తం బస్సులెక్కి అడవికి వస్తది. ఆస్ట్రేలియాలో యోల్ంగు ఆదివాసులు 1999 నుంచి గర్మా అనే పండుగ తమ నేల మీదనే చేస్తున్నరు. పట్నపోళ్లు అక్కడికి పోయి కూర్చొని వినాలె.

ఇగ మన తప్పు కూడా చెప్పుకోవాలె. మణుగూరు దిక్కు కూనవరం సకిని రామచంద్రయ్య తాత సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషల పాడేటోడు. 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024 జూన్‌లో కాలం చేసిండు. ఆ రోజు మనమందరం స్టేటస్ పెట్టినం. ఆయన బతికున్నప్పుడు పోయి కథ నేర్చుకున్నోళ్లం మనలో ఎంతమందిమి? మా హాస్టల్‌లో ఒక్కరం లేం. సిగ్గుతోనే రాస్తున్నం. మనకు రాని పాటను పట్నపోడు పాడు చేస్తుండని తిట్టే హక్కు సగమే ఉంటది.

కాబట్టి ఈ సెలవుల్లో మేం హైదరాబాద్ పోతలేం, ఇండ్లకు పోతున్నం. ఒక్కొక్కరం మా ఇంట్ల ముసలోళ్ల దగ్గర కనీసం మూడు పాటలు రికార్డు చేసి, ఎవరు పాడిన్రు, ఏ పండుగకు పాడుతరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు అని రాసుకొస్తం. కాలేజీ తెరిచినంక రేగొండలనే ఒక దినం కూడుదాం. డోలు మనదే, మైకు మనదే, కుర్చీలు మనయే.

మన రేగొండ మండలంలనే పాండవుల గుట్టలు ఉన్నయి. ఆ బండల మీద వేల ఏండ్ల కిందటోళ్లు వేసిన జంతువుల బొమ్మలున్నయి. వేసినోళ్ల పేర్లు ఎవరికీ తెలువది. వాళ్లకు రాసుకునే అక్షరం లేకుండె. మనకు అక్షరం వచ్చింది, ఫోన్ వచ్చింది. ఇంకా పేరు లేకుండా ఆడుడు ఎందుకు?

మాతోని కలిసేటోళ్లు కింద మీ ఊరు పేరు, మీ ఇంట్ల పాడేటోళ్ల పేరు రాయండి. కలవనోళ్లు ఎందుకు కలవరో రాయండి. రెండూ చదువుతం.

జై ఆదివాసీ. జై బంజారా.

రేగొండ ప్రాంత హాస్టల్ విద్యార్థులం