పదవీ విరమణ వయసు: చదవని రెండో తీర్పు

పదవీ విరమణ వయసు పెంచిన ప్రతిసారీ చర్చ రెండు మాటల దగ్గరే ఆగుతోంది. పెద్దల అనుభవం కావాలని ఒకరు, నిరుద్యోగుల నోటికాడి కూడు లాగేస్తున్నారని మరొకరు. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కి పెంచినప్పుడూ ఇదే తంతు. ఖజానా లెక్క మాత్రం ఎవరూ విప్పలేదు.

ఉద్యోగి దిగిపోగానే గ్రాట్యుటీ, పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యుటేషన్, 300 రోజుల దాకా ఆర్జిత సెలవుల సొమ్ము ఒక్కసారిగా ఇవ్వాలి. వయసు పెంచితే ఆ చెల్లింపు వాయిదా పడుతుందే తప్ప రద్దు కాదు. ఈలోగా సర్వీసు చివరి దశలోని పెద్ద జీతాలు నడుస్తూనే ఉంటాయి. తెలంగాణలో మూడేళ్లు ఆగిన విరమణలు 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. రావలసిన సొమ్ము కోసం విశ్రాంత ఉద్యోగులు హైకోర్టు మెట్లెక్కారు.

న్యాయచరిత్రనూ సగమే చెబుతున్నారు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం యువతకు ఉద్యోగాల పేరుతో వయసును 58 నుంచి 55కి తగ్గించింది. ఆ నెలాఖరుకే వేలమంది ఇంటిదారి పట్టారు. 1985 జనవరిలో కె.నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును సమర్థించింది. వయసు ప్రభుత్వ విధానమని చెప్పడానికి అందరూ ఉటంకించేది దీన్నే.

అదే ఏడాది వచ్చిన బి.ప్రభాకరరావు తీర్పు ఎవరికీ గుర్తులేదు. 1984 ఆగస్టులో వయసును తిరిగి 58 చేసినప్పుడు, మధ్యలో బయటికి పంపిన వారికి ఆ ప్రయోజనం దక్కకుండా చేశారు. జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి తీర్పు ఆ మినహాయింపును సమానత్వ హక్కుకు విరుద్ధమంది. 58 నిండనివారిని తిరిగి తీసుకోవాలని, నిండినవారికి పరిహారం ఇవ్వాలని చెప్పింది. అందులో నిధుల కేటాయింపు ప్రస్తావన లేదన్నది నిజమే. అయినా రెండు తీర్పులనూ కలిపి చదివితే అర్థమయ్యేది ఒకటే: వయసు ఎంతో తేల్చడం ప్రభుత్వం చేతిలో ఉంది గానీ, ఆ మార్పు భారాన్ని ఒక్క వర్గం నెత్తిన రుద్దే అధికారం దానికి లేదు.

ఈనాడు ఆ భారం మోస్తున్నది సొమ్ము అందని విశ్రాంత ఉద్యోగి, నోటిఫికేషన్ రాని అభ్యర్థి. వయసు పెంచే చట్టంతోపాటే ఎంత చెల్లింపు ఏ ఏటికి వాయిదా పడుతోందో, దానికి ఏటా ఎంత పక్కన పెడతారో, ఎన్ని నియామకాలు ఆగుతాయో శాసనసభ ముందు పెట్టాలి. ఆ లెక్క లేని పెంపును అనుభవానికి గౌరవమని పిలవడం ఉద్యోగులను మోసగించడమే.