కట్టు విప్పితే కథ కంచికి

టెలివిజన్ సీరియల్‌లో ఒక అంధ పాత్రను ప్రవేశపెడితే చాలు, చూపులేనివారి పట్ల సమాజంలో అవగాహన పెరుగుతుందనీ, వారికి గౌరవం దక్కుతుందనీ, ఆ సీరియల్ తీసినవారు ఒక విధమైన సంఘసేవ చేసినట్లేననీ ఒక అభిప్రాయం ఈ మధ్య మరీ బలపడింది. కొత్త సీరియల్ మొదలయ్యే ముందు జరిగే ప్రచారంలో నటీనటులు ఈ మాటనే తిప్పి తిప్పి చెబుతారు, పత్రికల టీవీ పేజీలు దానిని ఉన్నదున్నట్లు అచ్చువేస్తాయి, కళ్లకు గంతలు కట్టుకుని ఇల్లంతా తిరిగి పాత్రకు సిద్ధమయ్యామని చెప్పుకోవడం ఒక ఫ్యాషన్‌గా మారింది. ఈ అభిప్రాయం తప్పు అని ఊరుకుంటే చాలదు. అవగాహన మాట అటుంచి, జనానికి ఉన్న కాస్త తెలివిడిని కూడా చెడగొట్టే పనిని సీరియల్ అంధ పాత్ర ఏళ్ల తరబడి శ్రద్ధగా చేస్తూ వస్తోంది.

ఆ పాత్రను పోల్చుకోవడం కష్టం కాదు. రెప్ప వేయకుండా శూన్యంలోకి చూసే కళ్లు, ముందుకు చాచిన రెండు చేతులు, పుట్టి పెరిగిన ఇంట్లోనే సోఫాకు తగిలి తూలడం, తూలినప్పుడు పట్టుకోవడానికి సరిగ్గా అక్కడే నిలబడి ఉన్న కథానాయకుడు. అంధత్వమంటే ఎప్పుడూ కటిక చీకటే అనుకునేవారి ఊహ ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మంచి కంటికి అద్దాలు పెట్టి పరీక్షించినా 3/60 కంటే తక్కువ చూపు ఉన్నవారిని, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకోగల అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరకు వచ్చినా పోల్చుకోలేనివారిని, లేదా చూపు పరిధి 10 డిగ్రీల కంటే తక్కువకు కుంచించుకుపోయినవారిని అంధులుగా పరిగణిస్తుంది. వెలుతురు తెలిసేవారు, రంగు తెలిసేవారు, ఎదుటి మనిషి నీడలా కనిపించేవారు వీరిలో ఎందరో ఉంటారు. అంధుల క్రికెట్ ఈ తేడాలను సీరియల్ రచయితల కంటే ఎంతో నిజాయితీగా లెక్కలోకి తీసుకుంటుంది: బి1 అంటే దాదాపు ఏమీ కనిపించనివారు, బి2, బి3 అంటే వేర్వేరు మోతాదుల్లో పాక్షికంగా చూపున్నవారు, జట్టులో కనీసం నలుగురు బి1 ఆటగాళ్లు ఉండి తీరాలి, బంతి గలగల శబ్దం చేస్తూ నేలకు తగిలి రావాలి. ఆ ఆటలో భారత జట్టుకు సారథ్యం వహించి, 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్ వాడేనన్న సంగతి తెలుగు సీరియల్ రచయితల చెవిన పడినట్లు వారి రచనల్లో ఎక్కడా కనిపించదు.

ఇవన్నీ చిన్న నేరాలు. అసలు నేరం కళ్లకు కట్టు విప్పే సన్నివేశం. ఆసుపత్రి గది, మంచం చుట్టూ ఉమ్మడి కుటుంబం, తలుపు పక్కన గుటకలు మింగుతున్న విలన్, కట్టును పొరలు పొరలుగా విప్పే వైద్యుడు, ఒక్కో పొరకూ ఒక్కో ప్రకటనల విరామం, చివరికి మొదట మసకగానూ తర్వాత తేటగానూ కనిపించే భర్త ముఖం, వెంటనే వీణానాదం. 1931లో చాప్లిన్ తన ‘సిటీ లైట్స్’ చిత్రంలో పూలమ్మే యువతికి చూపు తెప్పించినప్పుడు కనీసం ఆ చికిత్సను తెర వెనుకనే ఉంచాడు. 1977 నాటి ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లో సాయిబాబా విగ్రహం నుంచి వెలువడిన జ్యోతులు తల్లి కళ్లలో చేరి చూపు తెప్పిస్తాయి; మహిమను మహిమగానే చూపినందుకు మన్మోహన్ దేశాయ్‌ను క్షమించవచ్చు, మహిమకు తెల్లకోటు తొడిగిన సీరియల్‌ను మాత్రం క్షమించడం కష్టం.

వైద్యశాస్త్రం ఈ విషయంలో చెప్పేది చిక్కైనదేమీ కాదు. నేత్రదానంలో అవతలివారి చూపుకు పనికివచ్చేది ప్రధానంగా కార్నియా, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర. దానిని మరణించినవారి నుంచి సేకరించి, అదే పొర దెబ్బతిన్నవారికి అమరుస్తారు. కంటి వెనుక ఉండే రెటీనా అనే తెర పాడైనవారికి గానీ, కంటి నుంచి మెదడుకు సమాచారం మోసే నరం గ్లకోమా వంటి వ్యాధితో ఎండిపోయినవారికి గానీ ఆ పొర మార్చి ప్రయోజనం లేదు. 2023లో న్యూయార్క్‌లో తొలిసారి ఒక మనిషికి పూర్తి కంటిని అమర్చగలిగారు కానీ ఆ కంటికి చూపు రాలేదు. అయినా సీరియల్ వైద్యుడు ప్రమాదంలో చూపు పోయిందన్న ఒక్క ముక్క విని, కన్ను ఎక్కడ దెబ్బతిన్నదో చూడకుండానే, కళ్లు దొరికితే ఆపరేషన్ చేసేస్తానంటాడు. పశ్చాత్తాపపడిన ఆడపడుచో, కన్నతల్లో బతికుండగానే తన కళ్లు తీసి ఇమ్మని వేడుకుంటుంది. దానిని మహాత్యాగంగా చిత్రించడానికి వారం రోజుల ఎపిసోడ్లు ఖర్చవుతాయి. హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన కంటి వైద్య సంస్థకు స్థలమూ కోటి రూపాయల విరాళమూ ఇచ్చి తన పేరును దానికి మిగిల్చిపోయిన ఎల్.వి.ప్రసాద్ సినిమావాడే కావడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. బంజారాహిల్స్‌లోని ఆ ఆసుపత్రికీ సీరియళ్లు తయారయ్యే నగరంలోని స్టూడియోలకూ మధ్య దూరం ఆటోలో పోదగినంతే.

నిజంగా శస్త్రచికిత్సతో చూపు తిరిగివచ్చే సమస్య ఈ దేశంలో లేకపోలేదు. 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వే ప్రకారం 50 ఏళ్లు, ఆపై వయసువారి అంధత్వంలో 66.2 శాతానికి కారణం శుక్లాలు, అంటే కంటిలోని సహజమైన కటకం మసకబారడం. దానికి చేసే ఆపరేషన్ సాధారణంగా అరగంట కూడా పట్టదు. కానీ ఏ సీరియల్‌లోనూ శుక్లాలు వచ్చిన అత్తగారు ఆపరేషన్ చేయించుకుని వచ్చి టీవీ ముందు కూర్చోదు. శుక్లాలకు సస్పెన్స్ లేదు, అరగంటలో అయిపోయే పనికి ప్రాయోజకులు దొరకరు.

కట్టు విప్పగానే భర్త ముఖాన్ని గుర్తుపట్టడమన్న సంగతి మరీ విడ్డూరం. పుట్టుకతో చూపులేని మనిషికి చూపు వస్తే, అంతవరకు చేత్తో తడిమి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ కంటితో చూసి వేరుచేసి చెప్పగలడా అని 1688లో మాలినో అనే ఐర్లండ్ పండితుడు తత్వవేత్త జాన్ లాక్‌ను లేఖ రాసి అడిగాడు. ఆ ప్రశ్నకు ప్రయోగపూర్వకమైన సమాధానం భారతదేశపు పిల్లల నుంచే వచ్చింది. ఎంఐటీ ఆచార్యుడు పవన్ సిన్హా ఉత్తర భారతంలో నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుకతో చూపులేక 8 నుంచి 17 ఏళ్ల మధ్య చికిత్స పొందిన ఐదుగురు పిల్లలను పరీక్షించగా, చేత్తో తాకి ఎరిగిన ఆకారాన్ని కంటితో వెంటనే గుర్తుపట్టలేకపోయారనీ, కొద్ది రోజుల్లో ఆ నేర్పు అలవడిందనీ 2011లో వెల్లడైంది. అంతకు ముందే రిచర్డ్ గ్రెగరీ అనే బ్రిటిష్ మనోవిజ్ఞాని, పసితనంలో చూపు పోయి యాభై ఏళ్లు దాటాక కార్నియా మార్పిడితో దానిని తిరిగి పొందిన ఎస్.బి. అనే వ్యక్తిని పరిశీలించి, అతనికి మనుషుల ముఖాలు ఏమీ చెప్పలేకపోయాయనీ, కొత్తగా కనిపించిన లోకం అతనిని కుంగదీసిందనీ రాశాడు. చూడడం మెదడు నేర్చుకోవలసిన విద్య. ఈ ఒక్క సంగతిలో నూరు ఎపిసోడ్లకు సరిపడా కథ ఉన్నది. చూపు వచ్చిన భార్య భర్త గొంతు విని పోల్చుకుని, కళ్లు తెరిస్తే కంగారుపడి, మళ్లీ కళ్లు మూసుకునే రోజులను ఏ రచయితా రాయడు. బదులుగా, ఆపరేషన్ ఒక్కటి జరిగితే అంతా సర్దుకుంటుందన్న ఆశను ఇంటింటికీ పంచుతారు. ఆ ఆశను నమ్మిన తల్లిదండ్రులు చూపులేని బిడ్డను బ్రెయిలీ నేర్పే బడికి పంపవలసిన వయసులో ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పితే, ఆ పోయిన ఏళ్లకు ఏ చానల్ బాధ్యత వహిస్తుంది?

పెళ్లి విషయంలోనూ వరస ఇదే. 2021లో స్టార్ ప్లస్‌లో వచ్చిన ‘ఆప్‌కీ నజ్‌రోఁ నే సమ్‌ఝా’ అనే హిందీ సీరియల్, దానికి మూలమైన బెంగాలీ ‘సాంఝేర్ బాతి’ రెండింటిలోనూ చూపులేనివాడు సంపన్న గృహపు కథానాయకుడు, వెలుగు తెచ్చే బాధ్యత కోడలిది. రెంటిలోనూ ఆ పాత్ర ధరించింది చూపున్న నటులే. 1980లో సాయి పరాంజపే ‘స్పర్శ్’ తీసినప్పుడు నసీరుద్దీన్ షా చుట్టూ నిజంగా చూపులేని బడిపిల్లలే నటించారన్నది మన బుల్లితెరకు ఇంకా అందని వార్త. గాంధారిని ఆదర్శంగా చూపి ఈ త్యాగాల పెళ్లిళ్లను సమర్థించేవారు భారతాన్ని సగమే చదివినట్లు. అంధుడన్న కారణంతో పెద్దకొడుకును సింహాసనం నుంచి తప్పించిన నిర్ణయం ఎక్కడికి దారితీసిందో చెప్పడానికి వ్యాసునికి పద్దెనిమిది పర్వాలు పట్టింది. చూపులేనివారు న్యాయాధికారి పదవికి పోటీపడకుండా మధ్యప్రదేశ్ నియమావళిలో పెట్టిన నిబంధనను 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసేంతవరకు ఆ తగాదా నడుస్తూనే ఉన్నది.

సీరియళ్లను రోజూ వింటున్నవారిలో చూపులేనివారు కూడా ఉన్నారన్న సంగతి సానుభూతిపరులెవరికీ తట్టకపోవడం విచిత్రం. నిర్ణాయకమైన ప్రతి ఘట్టంలోనూ మాటలు ఆగిపోయి, ఒక్కో ముఖాన్ని మూడేసి సార్లు దగ్గరగా చూపుతూ ఉరుముల వంటి చప్పుడు వినిపిస్తుంది. ఎవరు ఎవరిని చూసి ఉలిక్కిపడ్డారో, తాళి తెగిందో ఉత్తరం దొరికిందో వినేవారికి అంతుపట్టదు. తెరపై జరుగుతున్నదానిని మాటల మధ్య ఖాళీల్లో చెప్పే శ్రవణ వర్ణన అనే ఏర్పాటును 2024లో కేంద్రం థియేటర్ సినిమాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో చేర్చింది; టీవీకి 2019లో వచ్చిన ప్రమాణాలు వినికిడి లోపం ఉన్నవారి గురించినవి మాత్రమే. అంధుల మీద సీరియల్ తీసి అంధులకు అర్థం కాకుండా ప్రసారం చేయడాన్ని సంఘసేవ అనేవారి ధైర్యం మెచ్చదగినదే.

ఇదంతా కల్పన, కల్పనకు లెక్కలెందుకు అనే వాదన ఒకటి ఉన్నది. దానికి ఎక్కువ చోటు అక్కరలేదు. ‘ఆంఖ్ మిచోలీ’ చిత్రంపై వచ్చిన వ్యాజ్యంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు సృజన స్వేచ్ఛను కాపాడుతూనే, ఒక వైద్యస్థితిని చూపేటప్పుడు సాధ్యమైనంతవరకు సరిగా తెలుసుకుని చూపాలనీ, రేచీకటిని తప్పుగా చూపితే తప్పుడు సమాచారమే వ్యాపిస్తుందనీ చెప్పింది. 1991లో అమెరికాలో సోప్ ఒపేరాలను ఎగతాళి చేసిన ‘గుడ్ అండ్ ఈవిల్’ అనే హాస్య ధారావాహికలో చేతికర్ర ఊపుతూ వస్తువులు పగలగొట్టే అంధ పాత్రను అక్కడి అంధుల సమాఖ్య వీధికెక్కి ఖండించింది, కొన్ని ఎపిసోడ్లకే ఆ ధారావాహిక ఆగిపోయింది. ఇక్కడ అంతటి రోషం ఇంకా పుట్టలేదు.

కథలు కావాలంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరం ముందు వరుసలో, వైకల్యం 40 శాతమా 39 శాతమా అన్న తీర్పు కోసం నిలబడి ఉన్నాయి. పరీక్ష హాలులో చెప్పింది రాసిపెట్టే సహాయకుడు సమయానికి రాని విద్యార్థి దగ్గర ఉన్నాయి. ఇంటర్‌లో సైన్స్ చదవనివ్వమని కోర్టుకెక్కి, అమెరికాలో చదివి వచ్చి పరిశ్రమ పెట్టిన బొల్లా శ్రీకాంత్ జీవితాన్ని 2024లో హిందీవారు సినిమాగా తీసుకున్నారు కూడా. అంత దూరం పోలేనివారు తమ ఉమ్మడి కుటుంబంలోనే ఒక చూపులేని అత్తగారిని పెట్టవచ్చు. ఆమె ఫోన్‌లోని స్క్రీన్ రీడర్‌తో బ్యాంకు లెక్కలు చూసుకోవాలి, గాజుల చప్పుడును బట్టి కోడళ్లలో ఎవరు తలుపు దగ్గర పొంచి ఉన్నారో పసిగట్టాలి, మిగతా అత్తగార్లందరిలాగే కుట్రలు పన్నాలి. నాలుగు వందల ఎపిసోడ్లు గడిచినా ఆమెకు చూపు రాకూడదు, రావలసిన అవసరం ఆ కథలో ఎవరికీ తోచకూడదు.