ఏది ముందు కావాలో ఎవరు చెప్పాలి?

ఇంట్లో ఉండబోయేవారిని అడగకుండా మేస్త్రి ఒక్కడే గదులన్నీ నిర్ణయిస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుంది? కంప్యూటర్ విషయంలో తరచు జరిగేది ఇదే.

మీట నొక్కితే తెరమీదికి అక్షరం రావడం, రాసినది భద్రంగా దాగడం వంటి పనులన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టం అంటారు. దాని లోపలి రాతను ఎవరైనా చదివి, మార్చి, పదిమందికీ పంచుకునేలా ఉంచితే అది ఓపెన్ సోర్స్. లినక్స్ అటువంటిదే. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన ప్రయత్నాన్ని ప్రకటిస్తూ, ఏయే సౌకర్యాలు కావాలో చెప్పమని తోటివారిని అడిగాడు. అన్నీ చేస్తానని మాత్రం మాట ఇవ్వలేదు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం ఆ లినక్సే.

అన్నీ చేయలేనప్పుడు ఏది ముందు చేయాలి? ఎక్కువమంది అడిగినది ముందు అనడం న్యాయంగానే తోస్తుంది. కాని ఆ లెక్కలో ఒక లోపముంది.

ఇదివరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండల్లో సవర మాట్లాడే పిల్లలున్నారు. సవరలో గొంతు చటుక్కున మూసి పలికే ధ్వని ఒకటుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేక లిపి తయారుచేశాడు. ప్రపంచ లిపులకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో అది 2012లో చేరింది. అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన అక్షరం కనబడదు. అక్షరరూపాలూ, మీటల అమరికా ఆపరేటింగ్ సిస్టంలో ఉండాలి. అవి లేకుంటే పిల్లలు తమ భాషను కంప్యూటర్లో రాయరు. రాయనివారు లెక్కకు రారు. లెక్కకు రానివారికోసం ఎవరూ పూనుకోరు!

అందుకే, అసలు దారే లేనివారి అవసరం ముందుండాలని నా అభిప్రాయం. హంగులు తర్వాత చేర్చుకోవచ్చు.

అడిగితే ఫలితముంటుందా? ఉంటుంది. పడుకునే చాపలోని 'చ', వలలో పడే చేపలోని 'చ' ఒకటి కావు. ఆ తేడా చూపే ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో 2008లో చేరాయి.

శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, సవరలు ఎందరున్నారో లెక్కచూసుకొని వారి భాష నేర్వలేదు. ముందు వారి మాట విన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది.

శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులారా! మీరూ అలాగే మొదలుపెట్టండి. సవర తెలిసిన మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. "మా భాష సరిగా రావడం లేదు" అంటే చాలదు. ఏ మీట నొక్కారు, ఏం కనబడింది, ఏం కనబడాలి — ఈ మూడూ వివరంగా రాసి ఉపాధ్యాయుల సాయంతో తయారీదారులకు పంపండి. లోపలి రాత తెరిచే ఉంది. మన కోరికే వారికి చేరాలి.