ఒకే ఇంటికి రెండు పన్నులా?

ఖరగ్‌పూర్, తాల్‌బగీచా
2024 ఆగస్టు 18

కేంద్ర ఆర్థిక మంత్రిగారికి,

ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను లెక్కగట్టేటప్పుడు, పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ఖర్చును పెంచి చూసే ఇండెక్సేషన్‌ను జులై 23 బడ్జెట్‌లో తీసేసినప్పుడు మా పేటలో చాలామంది దిగులుపడ్డారు. ఈ నెల 7న లోక్‌సభలో మీరు సవరణ తెచ్చారు. జులై 23కు ముందు కొన్న ఇళ్లకూ స్థలాలకూ ఇండెక్సేషన్‌తో 20 శాతమో, అది లేకుండా 12.5 శాతమో, ఏది తక్కువైతే అది కట్టుకోమన్నారు. సంతోషించాం. తర్వాత సవరణను మళ్లీ చదివితే అందులో ‘నివాసి’ అన్న మాట కనిపించింది. విదేశాల్లో ఉన్న మా పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

నేను రైల్వే వర్క్‌షాపు లెక్కల విభాగంలో రిటైరయ్యాను. ఇరుగుపొరుగుకు రిటర్నులు నింపిపెడుతుంటాను. ఇక్కడి తెలుగువాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. సర్వీసంతా రైల్వే క్వార్టర్లో గడుపుతాం. రిటైరైతే అది ఖాళీ చెయ్యాలి. అందుకే విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఒక ఫ్లాటు కొని పెట్టుకుంటాం.

లెక్క ఇలా ఉంటుంది. అన్నదమ్ములిద్దరు చెరి 5 లక్షలు వేసుకుని 2001 జూన్‌లో విశాఖలో ఫ్లాటు కొన్నారనుకోండి. తర్వాత అన్న అమెరికా వెళ్లాడు, తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడు 40 లక్షలకు అమ్మారు. చెరో 20 లక్షలు. ఇండెక్సేషన్‌కు వాడే సూచిక 100 నుంచి 363కు పెరిగింది కాబట్టి తమ్ముడి ఖర్చు 18 లక్షల 15 వేలవుతుంది. లాభం లక్షా 85 వేలు, పన్ను 37 వేలు. అన్నకు మాత్రం 15 లక్షలూ లాభమే. పన్ను లక్షా 87 వేల 500. సెస్సు వేరు.

గోడలు అవే, దస్తావేజు ఒకటే, పెట్టుబడీ సమానమే. కొన్ననాడు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. అమ్మిన ఏడాది ఎక్కడున్నాడన్నదే లెక్కా? ఈ ఇరవై మూడేళ్లలో ధరలు తమ్ముడికి మాత్రమే పెరిగాయా?

ఇంకా ఉంది. 50 లక్షల లోపు కాబట్టి తమ్ముడి వాటా మీద టీడీఎస్ లేదు. అన్న వాటా కొనేవాడు మాత్రం, అధికారి నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తేకపోతే, 20 లక్షల మీదా సెస్సుతో 13 శాతం, అంటే 2 లక్షల 60 వేలు పట్టుకోవడమే వాడుక. కట్టాల్సిన పన్నుకన్నా ఇదే ఎక్కువ! తిరిగి రావాలంటే రిటర్ను వేసి ఎదురుచూడాలి. ఈ తంటా తెలిసిన కొనుగోలుదారు వేరే ఫ్లాటు చూసుకోడా?

రైల్వే ఫైనాన్స్ కార్పొరేషన్ బాండ్లు కొంటే పన్ను తప్పుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అయిదేళ్లు డబ్బు కదలదు. తల్లి ఆపరేషన్‌కని ఇల్లు అమ్మేవాడికి బాండ్లెందుకు?

80సీ కింద లక్షన్నర పరిమితి 2014 నుంచి అలాగే ఉంది. కొత్త పన్ను విధానంలో సొంతింటి అప్పు వడ్డీకి మినహాయింపు లేదు. వాటి మాట ఎత్తి ఎత్తి విసిగిపోయాం. ఆ ‘నివాసి’ అన్న మాట ఎందుకు చేర్చారో అదైనా చెప్పండి. చదువుకని, ఉద్యోగానికని మేమే పంపించిన పిల్లలు వాళ్లు. ఏదో ఒకటి చెయ్యండమ్మా.

రేపు ఒక పెద్దావిడ కొడుకులిద్దరి కాగితాలూ పట్టుకుని మా ఇంటికి వస్తానంది. పెద్దవాడికి ఎందుకింత ఎక్కువని అడుగుతుంది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి